గడువు: ఆసుపత్రిలో జరిగిన హానికి న్యాయం అడగవలసిన కాలం

ఆసుపత్రిలో జరిగిన నిర్లక్ష్యం వల్ల రోగి శరీరానికి హాని కలిగినప్పుడు నష్టపరిహారం కోరే హక్కు రోగికీ, రోగి మరణిస్తే అతని కుటుంబానికీ ఉంటుంది. అయితే ఈ హక్కు పెట్టెలో దాచుకుని అవసరం వచ్చినప్పుడు తీసుకునే బంగారం వంటిది కాదు. చట్టం నిర్ణయించిన కాలం లోపల వాడుకోకపోతే, కేసు ఎంత బలమైనదైనా, జరిగిన నష్టం ఎంత ఘోరమైనదైనా, కోర్టు దానిలోని మంచిచెడ్డల జోలికి వెళ్లకుండానే కొట్టివేస్తుంది. ఈ కాలాన్ని న్యాయభాషలో కాలపరిమితి అంటారు, వాడుకలో గడువు అంటారు. 1963 నాటి కాలపరిమితి చట్టం 3వ సెక్షన్ ప్రకారం, గడువు దాటిందని ఎదుటి పక్షం చెప్పకపోయినా సరే, కోర్టు తనంతట తానే ఆ విషయం చూసి దావాను తోసిపుచ్చాలి. అందువల్ల ఆసుపత్రి తరఫు వకీలు గమనించడేమోనన్న ఆశ పెట్టుకోవడానికి వీలులేదు.

సోలాపూర్ నేతపేటల్లో ఈ సంగతి తెలిసి ఉండటం ఎందుకు అవసరమో అక్కడి బతుకుతెరువును చూస్తే అర్థమవుతుంది. కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీలు స్థిరపడిన సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, భద్రావతి పేఠ్, అశోక్ చౌక్ పరిసరాల్లో మగవారు మరమగ్గాల మీద చద్దర్లు, టెర్రీ తువ్వాళ్లు నేస్తే, ఎందరో ఆడవారు ఇంటి దగ్గర బీడీలు చుడతారు. నేసినదానికీ చుట్టినదానికీ లెక్కగట్టి ఇచ్చే కూలి కాబట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతి రోజూ కూలి పోయిన రోజే అవుతుంది. ఆపరేషన్ వికటించిన ఇంట్లో మొదటి కొన్ని నెలలు మనిషిని బతికించుకోవడానికి, ఆ తర్వాత కొన్ని నెలలు తెచ్చిన అప్పు తీర్చడానికి, మరికొన్ని నెలలు పెద్దమనుషుల మధ్యవర్తిత్వంతో ఆసుపత్రి వాళ్లు ఏదో ఒకటి ఇస్తారన్న నమ్మకంతో గడిచిపోతాయి. ఇందులో ఏదీ తప్పు కాదు, ఎవరి ఇంట్లోనైనా ఇలాగే జరుగుతుంది. కాని చట్టం లెక్కపెట్టే రోజుల్లో ఈ నెలలన్నీ కలిసే ఉంటాయి.

రెండేళ్ల లెక్క

ఆసుపత్రి మీద నష్టపరిహారం కోరేవారు సాధారణంగా పట్టే దారి వినియోగదారుల కమిషన్. సోలాపూర్‌లో దీన్ని ఇప్పటికీ ఎక్కువమంది గ్రాహక్ మంచ్ అనే పిలుస్తారు. డబ్బు చెల్లించి పొందే వైద్యం కూడా సేవ కిందికే వస్తుందనీ, అందులో లోపం ఉంటే రోగి వినియోగదారుగా ఫిర్యాదు చేయవచ్చుననీ సుప్రీంకోర్టు 1995 నవంబర్ 13న, భారత వైద్య సంఘం, వి.పి. శాంత మధ్య నడిచిన కేసులో తేల్చి చెప్పింది. 1986 నాటి చట్టం స్థానంలో 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద వైద్యులు రారన్న వాదనను కూడా సుప్రీంకోర్టు 2022లో అంగీకరించలేదు. ఈ చట్టం 69వ సెక్షన్ ప్రకారం, వ్యాజ్యకారణం, అంటే ఫిర్యాదు చేయడానికి హక్కు కలిగించిన సంఘటన, ఏర్పడిన తేదీ నుంచి రెండు సంవత్సరాల లోపల ఫిర్యాదు దాఖలు చేయాలి. ఇదే నష్టానికి సివిల్ కోర్టులో దావా వేస్తే సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది గాని, అక్కడ కోర్టు ఫీజు, సాగే కాలం రెండూ ఎక్కువ. కమిషన్‌లో చికిత్సకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు అసలే లేదు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఆసుపత్రికి కట్టిన డబ్బే గాని కోరే నష్టపరిహారం కాదు. కట్టినది 50 లక్షల లోపల ఉన్నంతవరకు ఫిర్యాదు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు.

రెండు సంవత్సరాలంటే ఇంగ్లీషు క్యాలెండర్ ప్రకారం రెండు సంవత్సరాలు. ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి రావడానికి కారణం ఉంది. సంఘటనలను పండుగలతో గుర్తుపెట్టుకునే అలవాటు నేతపేటల్లో బలంగా ఉంది. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయ మహాముని రథం ఊరేగే రోజు అక్కడ ఏడాదికొక మైలురాయి వంటిది. ఉదాహరణకు ఒక ఇంటి మనిషికి రథం పండుగ రోజున, 2024 ఆగస్టు 19న, ఆపరేషన్‌లో హాని జరిగిందనుకుంటే, సంఘటన జరిగిన రోజును వదిలి మరుసటి రోజు నుంచి లెక్కించినా గడువు 2026 ఆగస్టు 19తో ముగుస్తుంది. కాని తిథి ఏటా ఒకే తేదీకి రాదు. 2025లో శ్రావణ పౌర్ణమి ఆగస్టు 9న వస్తే, అధిక మాసం ఉన్న 2026లో అది ఆగస్టు 28న వస్తుంది. మళ్లీ రెండో రథం వచ్చేదాకా సమయం ఉందనుకున్న కుటుంబం కమిషన్ మెట్లెక్కేసరికి తొమ్మిది రోజులు ఆలస్యమై ఉంటుంది. చివరి రోజు సెలవు దినమైతే మరుసటి పనిరోజున దాఖలు చేయడానికి వెసులుబాటు ఉంది గాని, ఆ వెసులుబాటును నమ్ముకుని చివరి రోజుదాకా ఆగడం మంచిది కాదు.

హాని బయటపడిన రోజు

ఏ రోజు నుంచి లెక్కించాలన్నది గడువు విషయంలో అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. హాని వెంటనే కంటికి కనిపించేదైతే, ఉదాహరణకు ఎడమ కాలికి చేయవలసిన ఆపరేషన్ కుడి కాలికి చేస్తే, అది జరిగిన రోజే లెక్కకు మొదలు. కాని కడుపులో మరిచిపోయిన గుడ్డముక్క, తప్పుగా అతికించిన ఎముక, మోతాదు మించిన మందు వల్ల నెమ్మదిగా పాడైన మూత్రపిండం వంటివి నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో బయటపడతాయి. ఇటువంటి చోట రోగికి హాని సంగతి తెలిసిన రోజు నుంచి గాని, తగినంత శ్రద్ధ వహిస్తే తెలిసి ఉండగల రోజు నుంచి గాని గడువు లెక్కించాలని సుప్రీంకోర్టు శ్రీఖండే కేసుగా పేరుపడిన తీర్పులో 2010 అక్టోబర్‌లో వివరించింది.

ఈ సూత్రంలోని రెండో భాగాన్ని, అంటే ‘తెలిసి ఉండగల రోజు’ అన్న మాటను, రోగులు తరచు పట్టించుకోరు. ఆ తీర్పు ఫలితం నిలిచినది మాత్రం దాని మీదనే. 1993 నవంబర్‌లో ముంబైలో పిత్తాశయంలోని రాళ్లకు ఆపరేషన్ చేయించుకున్న ఒక నర్సుకు ఆ తర్వాత ఏళ్ల తరబడి కడుపునొప్పి ఉండేది, 2002 అక్టోబర్‌లో జరిగిన రెండో ఆపరేషన్‌లో లోపల గాజుగుడ్డ బయటపడింది, 2004లో ఆమె ఫిర్యాదు వేసింది. గుడ్డ కనబడిన రోజు నుంచి చూస్తే రెండేళ్లు నిండలేదు. అయినా, తొమ్మిదేళ్లపాటు నొప్పి పడుతూ, స్వయంగా వైద్యరంగంలో అనుభవం ఉండి, ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లకపోవడాన్నీ, పరీక్షలు చేయించుకోకపోవడాన్నీ కోర్టు తప్పుపట్టి, గడువు దాటిందని ఫిర్యాదు కొట్టివేసింది. ఈ తీర్పు కఠినమైనదే. నొప్పి మాత్రలతో రోజులు నెట్టుకొచ్చే మనిషి ఏది మామూలు నొప్పో, ఏది లోపలి తప్పుకు గుర్తో ఎలా తెలుసుకోగలడన్న ప్రశ్నకు అందులో తృప్తికరమైన జవాబు దొరకదు. మగ్గం ముందు నిలబడి పనిచేసేవారికి నడుమునొప్పి, చేతి నొప్పి ఎప్పుడూ ఉండేవే గనుక ఈ ప్రశ్న నేతపేటలకు మరింత దగ్గరిది. కాని అమలులో ఉన్న న్యాయం ఇది. అందువల్ల ఆపరేషన్ తర్వాత తగ్గవలసిన బాధ తగ్గకపోతే, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే మళ్లీ వెళ్లి, ఆ బాధను కేస్ పేపర్ మీద తేదీతో సహా రాయించుకోవడం వైద్యానికీ మేలు, న్యాయానికీ మేలు. రాసి ఉన్న ఆ కాగితమే రోగి శ్రద్ధ వహించాడనడానికి సాక్ష్యమవుతుంది.

గడువును పొడిగిస్తాయని జనం నమ్మే కొన్ని పనులు నిజానికి దాన్ని పొడిగించవు. ఆసుపత్రికి వకీలు నోటీసు పంపడం, దానికి జవాబు కోసం ఎదురుచూడటం, పెద్దమనుషులతో మాట్లాడించడం, పోలీసులకు గాని మహారాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు గాని ఫిర్యాదు చేయడం, ఇవన్నీ చేయదగిన పనులే గాని, ఇవి నడుస్తున్నంతకాలం రెండేళ్ల లెక్క ఆగదు. క్రిమినల్ కేసు దారి మరీ ఇరుకైనది. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం డాక్టరుది మామూలు నిర్లక్ష్యం అయితే చాలదు, తీవ్రమైన నిర్లక్ష్యం అయి ఉండాలి. క్రిమినల్ కేసు తేలిన తర్వాత నష్టపరిహారం సంగతి చూద్దామనుకున్నవారికి నష్టపరిహారం దారి మిగలదు. అదే విధంగా, మరో నిపుణుడి అభిప్రాయం దొరికేదాకా ఫిర్యాదు ఆపి ఉంచడం కూడా అవసరం లేదు. హైదరాబాద్ జిల్లా ఫోరంలో మొదలై సుప్రీంకోర్టుదాకా వెళ్లిన ఒక కేసులో, మలేరియా జ్వరానికి టైఫాయిడ్ మందులిచ్చిన సందర్భంలో, ప్రతి ఫిర్యాదుకూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో తీర్పు వచ్చింది.

మరణం, పసిపిల్లలు

రోగి మరణించినప్పుడు కుటుంబం సివిల్ కోర్టుకు వెళ్లాలనుకుంటే, 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద వేసే దావాకు మూడేళ్లు కాదు, మరణించిన తేదీ నుంచి రెండేళ్లే గడువు. మూడేళ్లని ఎక్కడో విని నిశ్చింతగా ఉన్న కుటుంబాలు ఇక్కడే నష్టపోతాయి. కాన్పు సమయంలో గాని, చిన్నతనంలో గాని బిడ్డకు హాని జరిగితే, కాలపరిమితి చట్టంలోని 6, 8 సెక్షన్ల ప్రకారం మైనరు తరఫున సివిల్ దావాకు గడువు అతడికి 18 ఏళ్లు నిండేదాకా లెక్కకు రాదు. నిండిన తర్వాత దావాకు మామూలుగా ఉండే గడువే దొరుకుతుంది, అది ఎంతైనా మూడేళ్లకు మించదు. వినియోగదారుల చట్టంలో పిల్లలకు ఇటువంటి వెసులుబాటును స్పష్టంగా రాయలేదు. పైగా పద్దెనిమిదేళ్ల తర్వాత ఆసుపత్రి కాగితాలు, నర్సులు, డాక్టర్లు ఎవరు ఎక్కడ ఉంటారో చెప్పలేని పరిస్థితిలో ఆ హక్కు పేరుకే మిగులుతుంది. బిడ్డతోపాటు వైద్యం చేయించిన తల్లిదండ్రులు కూడా వినియోగదారులేనని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది కాబట్టి, వారు రెండేళ్ల లోపలే ఫిర్యాదు చేయడం తెలివైన పని.

ఏ ఆసుపత్రి అన్నదాన్ని బట్టి మారే గడువు

ప్రైవేటు ఆసుపత్రిలో సొంత డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం విషయంలో అనుమానం లేదు. అదే ప్రైవేటు ఆసుపత్రిలో మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన అనే ప్రభుత్వ పథకం కింద తన చేతి నుంచి రూపాయి పడకుండా ఆపరేషన్ చేయించుకున్నవారు, ఉచితంగా చేశారు గనుక అడిగే హక్కు లేదనుకుని ఊరుకుంటారు. ఇది అపోహ. కొందరి దగ్గర డబ్బు తీసుకుని మరికొందరికి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రిలో ఆ ఉచిత రోగి కూడా వినియోగదారేనని 1995 తీర్పే స్పష్టం చేసింది. కార్ఖానాలో జీతం నుంచి ఈఎస్ఐ చందా పోయే కార్మికుడికి ఈఎస్ఐ ఆసుపత్రి వైద్యం కూడా ఉచితం కిందికి రాదని, ఆ చందాయే చెల్లింపు అవుతుందని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి మాత్రం వినియోగదారుల కమిషన్ పరిధిలోకి రాదు, నామమాత్రపు రిజిస్ట్రేషన్ రుసుము కట్టినా రాదు.

అటువంటి చోట దారి సివిల్ కోర్టే. ప్రభుత్వం మీద దావా వేయడానికి ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు కాలాన్ని గడువు నుంచి మినహాయిస్తారు. ఇందులో అన్నిటికన్నా ప్రమాదకరమైన చిన్న గడువు నగరపాలిక దగ్గర ఉంది. మహారాష్ట్ర నగరపాలికల చట్టం 487వ సెక్షన్, ఆ చట్టం కింద చేసిన పనుల విషయంలో కార్పొరేషన్ మీద దావా వేయాలంటే ఒక నెల ముందు నోటీసు ఇచ్చి, ఆరు నెలల లోపలే దావా వేయాలంటుంది. కార్పొరేషన్ ప్రసూతి గృహంలో జరిగిన హానికి ఈ సెక్షన్ వర్తిస్తుందా అన్నది వాదించదగిన విషయమే కావచ్చు, కాని ఆ వాదన నడపవలసిన అవస్థ తెచ్చుకోకుండా ఆరు నెలల లోపలే వకీలును కలవడం క్షేమం.

సోలాపూర్ నుంచి వైద్యానికి పుణె, ముంబై, ఇంకా సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ దాకా వెళ్లే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఫిర్యాదు కోసం మళ్లీ అంత దూరం తిరగలేమన్న నిరుత్సాహమే గడువు దాటిపోవడానికి ఒక కారణం. 2019 చట్టం ఈ భారాన్ని తీసివేసింది. ఫిర్యాదీ నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు కాబట్టి, హైదరాబాద్ ఆసుపత్రి మీద కూడా సోలాపూర్‌లోనే ఫిర్యాదు నిలుస్తుంది.

కాగితాలకూ ఆయుష్షు ఉంది

ఫిర్యాదుకు ఉన్న గడువు కన్నా ముందు ముగిసిపోయే అవకాశం ఉన్నది సాక్ష్యానికి. 2002 నాటి వైద్య ప్రవర్తన నియమావళి ప్రకారం లోపల చేర్చుకున్న రోగుల రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు భద్రపరచవలసిన బాధ్యత మాత్రమే డాక్టరుకు ఉంది; ఆ తర్వాత అవి లేవంటే తప్పుపట్టడం కష్టం. ఆలస్యంగా బయటపడిన హాని విషయంలో గడువు మిగిలి ఉండి కాగితాలు మిగలకపోవడం ఇందువల్లనే సంభవిస్తుంది. అదే నియమావళి రోగి గాని, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గాని అడిగితే 72 గంటల లోపల రికార్డులు ఇవ్వాలని కూడా చెబుతుంది. ఈ హక్కు సంగతి నేతపేటల్లో ప్రతి ఇంటికీ తెలియవలసినంత విలువైనది.

డిస్చార్జ్ కార్డు ఒక్కటి చేతికి వస్తే అన్నీ వచ్చినట్టు కాదు. ఆపరేషన్ చేసినప్పుడు రాసుకున్న వివరం, మత్తుమందు ఇచ్చిన నమోదు, నర్సులు గంటగంటకూ రాసే చార్టు, రోగితో సంతకం పెట్టించుకున్న అంగీకార పత్రం, పరీక్షల రిపోర్టులు, ఎక్స్-రే, స్కాన్ ఫిల్ములు, బిల్లులు, ఇవన్నీ కావాలి. నిర్లక్ష్యం ఎక్కడ జరిగిందో చెప్పేది చాలాసార్లు డిస్చార్జ్ కార్డు కాదు, నర్సు రాసిన చార్టే. నోటితో అడిగితే అడిగినట్టు రుజువు ఉండదు గనుక, తెల్లకాగితం మీద మరాఠీలోనో ఇంగ్లీషులోనో రెండు ప్రతులు రాసి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ఆసుపత్రి ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు. దానికి 30 రోజుల్లో జవాబు రావాలి. అద్దె ఇళ్లు మారేటప్పుడు, వాన కారినప్పుడు మొదట పాడయ్యేవి ఈ కాగితాలే కాబట్టి, ప్రతి పుటకూ ఫోనుతో ఫోటో తీసి ఇంట్లో మరొకరి ఫోనుకు కూడా పంపి ఉంచాలి.

ఏ డాక్టరు తప్పు చేశాడో పేరు తెలియదన్న కారణంతో కూడా ఆగనక్కరలేదు. ఆసుపత్రిని ఒక్కదాన్నే ప్రతివాదిగా చేర్చినా ఫిర్యాదు చెల్లుతుందని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది.

గడువు దాటిన తర్వాత

రెండేళ్లు దాటినంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు పూర్తిగా మూసుకోదు. ఆలస్యానికి తగిన కారణం ఉందని కమిషన్‌ను ఒప్పించగలిగితే, ఆ కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి ఫిర్యాదు స్వీకరించే అధికారం 69వ సెక్షనే ఇచ్చింది. దీన్ని ఆలస్యం మాఫీ అంటారు. దీనికి వేరుగా దరఖాస్తు, ప్రమాణపత్రం ఇవ్వాలి. ఎన్ని రోజుల ఆలస్యమో లెక్కచెప్పి, ఆ రోజులు ఎలా గడిచాయో కాగితాలతో చూపాలి. మంచం పట్టిన రోగి ఆసుపత్రుల్లో గడిపిన రోజులు, ఆసుపత్రి రికార్డులు ఇవ్వకుండా తిప్పిన నెలలు కారణాలుగా నిలబడే అవకాశం ఉంది. చట్టం తెలియలేదనడం, కూలి పోతుందని రాలేకపోయామనడం సాధారణంగా నిలబడవు. సివిల్ దావాకైతే ఈ మాఫీ కూడా లేదు. కాలపరిమితి చట్టం 5వ సెక్షన్ అప్పీళ్లకూ దరఖాస్తులకూ వర్తిస్తుంది గాని దావాలకు వర్తించదు. ఆసుపత్రి మోసంతో విషయాన్ని దాచిపెట్టిందని రుజువైతే మాత్రం, 17వ సెక్షన్ ప్రకారం మోసం బయటపడిన రోజు నుంచి గడువు మొదలవుతుంది.

వకీలు ఫీజుకు భయపడి వెనక్కి తగ్గేవారు తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. 1987 నాటి న్యాయసేవల అథారిటీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, పారిశ్రామిక కార్మికులకు వారి ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇస్తారు. బీడీలు చుట్టే మహిళ స్త్రీగానే అర్హురాలు, మరమగ్గాల కార్ఖానాలో పనిచేసే మనిషి పారిశ్రామిక కార్మికుడిగా అడగవచ్చు. దీనికోసం జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవల అథారిటీ కార్యాలయానికి వెళ్లవచ్చు, లేదా 15100 అనే ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చు.

ఈ అధ్యాయం చదివే ఇంట్లో ఎవరికైనా ఇటువంటి హాని జరిగి ఉంటే, డిస్చార్జ్ కార్డు బయటికి తీసి, అందులో హాని జరిగిన తేదీకి రెండేళ్లు కలిపి, ఆ చివరి రోజుకు మూడు నెలల ముందే గోడ మీది కాలనిర్ణయ్ క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోవాలని, ఆ గుర్తు వచ్చేలోపల వకీలును కలవాలని విన్నపం.